విద్యార్థుల మొర – విశ్వవిద్యాలయ తగవరి



పొలముగట్టు తగవు వచ్చినప్పుడు ఉభయులును నమ్మదగిన తగవరిని వెదకుట మనవారెరిగిన మర్యాదయే. అట్టి తగవరికి ఇరువురిలో నెవ్వరితోను పొత్తుండరాదు. చెప్పుకొనువాని మాట తుదివరకు వినవలెను. తీర్పునకు కారణము చెప్పవలెను. ఇట్టి తగవరి విశ్వవిద్యాలయములలో నెట్లు పనిచేయునో నేడు మీకు మనవి చేసెదను.

ఈ పదవికి ఆంబుడ్స్‌పర్సన్ అని పేరు. దీని మూలము స్వీడను దేశపు మాట. అధికారులపై ప్రజల ఫిర్యాదులను విచారించుటకై ఆ దేశమున 1809లో పార్లమెంటు పక్షమున నొక యుద్యోగము ఏర్పడెను. కాలక్రమమున నీ పద్ధతి విద్యాలయములకును వచ్చినది. అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున 1967లో ఇట్టి కార్యాలయము నెలకొన్నది. అచ్చట సామాన్యముగా ఈ కార్యాలయములు తీర్పు చెప్పవు. విద్యార్థి మొరను రహస్యముగా విని, ఏ నియమము వర్తించునో తెలిపి, సమాధానమునకు దారి చూపును.

మన దేశపు పద్ధతి వేరు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు 2023 ఏప్రిల్ నెలలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారమునకు నియమములు ప్రకటించిరి. వాని ననుసరించి తగవరి అప్పీలు విని, కారణములతో నుత్తరువు చేయును.

ఒక యుదాహరణము చెప్పెదను. ఒక రైతుబిడ్డ ఒక కళాశాలలో చేరి, తన అసలు పత్రములన్నియు నచ్చట నప్పగించినదనుకొందము. పిమ్మట వేరొకచోట నామెకు సీటు వచ్చినది. చదువని సంవత్సరముల రుసుము గూడ కట్టినగాని పత్రములీయమని కళాశాలవారనిరి. ఇట్టి తండ్రులు కొందరు పలుకుబడిగలవారి యిండ్ల చుట్టు తిరుగుదురు. కొందరు అప్పు చేసి కట్టుదురు. కొందరు పిల్లను చదువు మాన్పింతురు. ఈ మూడును అక్కరలేదు. చదువదలచుకొనని చదువునకు రుసుము రాబట్టుటకై పత్రములు పట్టియుంచుట ఫిర్యాదు చేయదగిన విషయమని ఆ నియమములే చెప్పుచున్నవి.

ఆమె మొదట కళాశాలలోని విద్యార్థి ఫిర్యాదుల సంఘమునకు వ్రాసికొనవలెను. అందు అధ్యక్షుడు గాక నలుగురు సభ్యులుందురు. విద్యార్థి ప్రతినిధి యొకడు ప్రత్యేకాహ్వానితుడుగా నుండును. వారిలో స్త్రీ యొకరైనను, షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులలో దేనికైనను చెందిన వారొకరైనను ఉండితీరవలెను. సంఘమువారు 15 పనిదినములలో నివేదిక నీయవలెను. ఆ నిర్ణయము తృప్తికరము గానిచో, అది చేరిన 15 దినములలో విశ్వవిద్యాలయ తగవరికి అప్పీలు చేసికొనవచ్చును. ఆయన 30 దినములలో పరిష్కరింప యత్నింపవలెను.

ఈ తగవరి విశ్రాంత ఉపాధ్యక్షుడో, అనుభవముగల విశ్రాంత ఆచార్యుడో, మాజీ జిల్లా న్యాయమూర్తియో యై యుండవలెను. ఆ సంస్థతో ఆయనకు స్వప్రయోజన సంబంధ ముండరాదు.

ఈ పద్ధతికి హద్దులును గలవు. మార్కులు తక్కువ వచ్చినవన్న మాత్రమున జవాబుపత్రమును మరల దిద్దించుటకు తగవరి పూనుకొనడు. ఫలితమును మార్చునంతటి అక్రమమో, పక్షపాతమో స్పష్టముగా చూపినప్పుడే వినును. బూటకపు ఫిర్యాదు చేసినవారిపై చర్యకును ఆయన సిఫారసు చేయవచ్చును.

కావున పెద్దలకు నా విన్నపము. పిల్లలు పట్టణమునుండి కష్టము చెప్పుకొనునప్పుడు, “పెద్దవారితో మనకేల, ఊరకుండు”మనవలదు. జరిగినదానిని తేదీలతో వ్రాయింపుడు. రుసుము రసీదులను భద్రపరుపుడు. అర్జీ నకలు నొకటి యింట నుంచుడు. అన్నిటికంటె ముఖ్యముగా గడువు దినములను లెక్కించుకొనుడు. న్యాయమైన మొరయైనను గడువు దాటినచో బలహీనపడును. నోటిమాటతో వేడుకొనుటకన్న కాగితముపై నడుగుట మేలు. అడుగుట అవిధేయత గాదు. అది విద్యార్థికి నియమము లిచ్చిన హక్కు.