పాత గిటారుకు కొత్త పూత
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మా అన్నయ్య పోయాక ఆయన వాయించిన ఎలక్ట్రిక్ గిటారు నా దగ్గరకు వచ్చింది. వెనకవైపు రంగు పెచ్చులూడి కర్ర బయటపడింది. అలాగే వదిలేస్తే చెమట, తేమ లోపలికి దిగుతాయి. ఇంట్లోనే బాగుచేద్దామనుకున్నాను.

ముందు పాత పూత ఏమిటో తెలియాలి. కనబడని చోట ఒక చుక్క థిన్నర్ వేసి చూశాను. నైట్రోసెల్యులోజ్ లక్కర్ అయితే మెత్తబడి జిగురవుతుంది. పాలియెస్టర్ అయితే చెక్కుచెదరదు. ఇది లక్కరే. 220, 320, 400 నంబర్ల ఉప్పు కాగితంతో వరసగా రుద్ది, పలుచని పూతలు వేశాను. గాలిలో తేమ ఎక్కువైతే లక్కర్ తెల్లబారుతుంది కనుక వానాకాలం పోయేదాకా ఆగాను. దాని ఆవిరి మంటను అందుకుంటుంది, ఊపిరితిత్తులకూ చేటు. అందుకే మాస్కు పెట్టుకుని ఆరుబయటే పని. ఆఖరి పూత వేశాక మూడు వారాలు ఆరనిచ్చి మెరుగు పెట్టాను.

ముందువైపు మాత్రం ముట్టుకోలేదు. అక్కడ రంగు పోయింది అన్నయ్య మోచేతి రాపిడికి. ఐర్లాండ్ గిటారిస్టు రోరీ గాలగర్ తన 1961 నాటి స్ట్రాటోకాస్టర్ రంగు చాలావరకు ఊడిపోయినా అలాగే వాయించాడు. తీగల కంపనాన్ని పట్టేది పికప్; పైరంగు పోయినంత మాత్రాన స్వరానికి లోటు రాదు.

మన సంఘం బడిలోని పాత బల్లలకు పాలిష్ పట్టించబోతోంది. సంతోషం. పుచ్చిన చెక్క మార్చండి, ఊగే కాళ్లు బిగించండి. కాంపాస్ ముల్లుతో చెక్కిన పేర్ల మీద ఉప్పు కాగితం పెట్టేముందు మాత్రం ఒక్కసారి వాటిని చదవండి. వాళ్లలో కొందరు ఈ ఉత్సవానికి రాలేరు.

సెలవు.