పాత ఇటలీ రేసు సైకిల్‌కి అంత పేరెందుకు?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళా. మాది చిలకలూరిపేట దగ్గర. వెళ్ళేసరికి పాత ఇనుము కొనేవాడు మా తాతయ్య సైకిల్‌ని తూకం వేయబోతున్నాడు. సరిగ్గా అప్పుడే నా ఫోన్‌లో ఒక పాత ఇటలీ రేసు సైకిల్ ఫ్రేమ్ ఓపెన్ చేసి ఉంది. ఉద్యోగంలో దాచుకున్న డబ్బు దాని మీద పెడదామనుకుంటున్నా. ఒకటేమో కిలోల లెక్క, ఇంకోటి లక్ష పైన. రెండూ ఉక్కే కదా! మరి తేడా ఎక్కడుంది?

ముందు మెటీరియల్ చూద్దాం. ఇటలీలో కొలంబస్ కంపెనీ గొట్టాలు ఫేమస్. అతుకు పడే చివర్లలో మందం 0.9 మిల్లీమీటర్లు, మధ్యలో 0.6. బలం కావాల్సిన చోటే లోహం ఉంటుంది, బరువు తగ్గుతుంది. సూపర్ ఐడియా. కానీ ఇలాంటి గొట్టానికి ఇంగ్లండ్‌లో రేనాల్డ్స్ 1897లోనే పేటెంట్ తీసుకున్నాడు. అంటే గొట్టం ఒక్కటే కారణం కాదన్నమాట.

అసలు కారణం రేసు. 1949లో ఫౌస్తో కొప్పి బియాంకి సైకిల్ మీద జిరో డిటాలియా, టూర్ డి ఫ్రాన్స్ రెండూ ఒకే ఏడాది గెలిచాడు. అంతకుముందు ఎవరూ అలా గెలవలేదు. 1972లో మెక్సికో సిటీలో ఎడ్డీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. ఆ సైకిల్ చేసింది మిలాన్ దగ్గర వర్క్‌షాప్ ఉన్న ఎర్నెస్తో కొల్నాగో.

ఇంకో పాయింట్. చేసేవాళ్ళకి తొక్కేవాళ్ళ కష్టం తెలుసు. తుల్లియో కంపాన్యోలో స్వయంగా రేసర్. చక్రం విప్పడానికి పానా వెతుక్కోకుండా, ఒక్క లివర్ తిప్పితే ఊడొచ్చే క్విక్ రిలీజ్‌ని జనంలోకి తెచ్చింది ఆయనే. 1933లో విచెంజాలో కంపెనీ పెట్టాడు. రేసులో వచ్చిన కంప్లైంటు వర్క్‌షాప్‌కి వెళ్ళేది, సరిచేసిన పార్టు మళ్ళీ రేసుకి వచ్చేది.

మనకిది కొత్తేం కాదు. ఒంగోలు గిత్త అందంగా ఉంటే సరిపోదు, బండ లాగి చూపించాలి. గెలిచాక జనం అడిగేది ఒకటే: ఏ ఊరి జత, ఎవరు మేపారు? ఇటలీ సైకిళ్ళ పేరూ అలా వచ్చిందే.

అలాగని గుడ్డిగా కొనకండి. ఇవాళ్టి కార్బన్ సైకిల్ దానికన్నా తేలిక. స్టిక్కర్ ఎవరైనా అంటించొచ్చు. మీ ఎత్తుకి ఫ్రేమ్ సైజు సరిపోతుందా, గొట్టాలకి సొట్టలున్నాయా చూడండి. పెడల్ ఇరుసు దగ్గర ఇటలీ మరల సైజు వేరు, మన షాపుల్లో పార్టు దొరకడం కష్టం.

నేనైతే కొనలేదు. తాతయ్య సైకిల్ తిప్పి చూశా. బరువు డబుల్ ఉంటుంది, కానీ గొట్టాలు కలిసే చోట అవే ఉక్కు తొడుగులు, అదే ఇత్తడి అతుకు. దాని మీదే ఆయన ఏళ్ళ తరబడి మిరప బస్తాలు మోశాడు. ఆ రేసుకి టైమ్ ఎవరూ రాయలేదు, అంతే.

"నాన్నా, దీన్ని అమ్మొద్దు" అన్నా. "తొక్కుతావా మరి?" అన్నాడు. టైర్లు మార్పించా. తొక్కుతున్నా.

మీ ఇంట్లో మూలన పడున్న సైకిల్ ఎవరిదో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!