మాధవాయిపాలెపు గుడ్డ

(ఒక గ్రంథాలయ సభలో మేము చేసిన ప్రసంగ పాఠము)



యంత్రపరిశ్రమలు లోకమును మార్చిన విధమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఈ గ్రంథాలయమువారు మమ్ము కోరిరి. విషయము సముద్రమువంటిది. బొగ్గు, ఇనుము, ఆవిరి, రైలు, వీనిలో దేనిని పట్టుకొన్నను తెల్లవారునే గాని కథ ముగియదు. కావున మేము ఒక్క గుడ్డముక్కను మాత్రమే చేతబట్టుకొని మీ యెదుటకు వచ్చితిమి.

నరసాపురము చెంత గోదావరి తీరమున మాధవాయిపాలెమను గ్రామము కలదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవా రచ్చట వర్తకపు కొఠీ నడపిరి. చుట్టుపట్ల పల్లెలలో నేసిన మెత్తని తెల్లబట్ట ఆ రేవున ఓడలకెక్కి, ఊరిపేరే తన పేరుగా, ఐరోపా ఖండమున 'మాదపోలం' అని ప్రసిద్ధి గాంచెను. తరువాత నేమి జరిగినది? లాంకషైరు మరలు ఆ రకపు గుడ్డనే నేసి, దానికి ఆ పేరే పెట్టి, మన దేశమునకే యెగుమతి చేసినవి. ఊరిపేరు తిరిగి వచ్చినది. ఊరి పని మాత్రము తిరిగి రాలేదు.

ఇంకొక వింత. కంపెనీవారు తమ కొఠీని 'ఫ్యాక్టరీ' యనుచుండిరి. అప్పుడా మాటకు సరకు కొని నిలువచేయు ఇల్లని అర్థము. నూరేండ్లు గడచునప్పటికి ఆ మాటయే వేలమంది గంటకొట్టగనే లోనికి పోయి, గంటకొట్టగనే బయటికి వచ్చు చోటునకు పేరయ్యెను. మాట యొక్కటియే, మధ్యలో మానవుని బ్రతుకు మారిపోయినది.

మగ్గము కథ అందరును చెప్పుదురు. మేము రాట్నముతో మొదలిడెదము. మర రాకపూర్వము ఒక మగ్గమునకు నూలందించుటకు నలుగురికి తక్కువ గాకుండ వడుకువారు కావలసియుండిరి. వారిలో స్త్రీలే యధికులు. ఇంగ్లండులోను అంతే, మన గోదావరి సీమలోను అంతే. 1733లో జాన్ కే అనునతడు త్రాడు లాగినంతనే తనంత తాను పరుగెత్తు నాడెను కల్పించెను. నేత వేగము హెచ్చెను, నూలు చాలదయ్యెను. ఆ కొరతయే 1760 తరువాతి యంత్రములకు తల్లి. హార్‌గ్రీవ్సు జెన్నీ, 1769లో ఆర్క్‌రైటు హక్కు పొందిన నీటిమర, 1779లో క్రాంప్టను మ్యూలు, ఒకదాని వెంట నొకటి వచ్చెను. నూరు పౌనుల ప్రత్తి వడుకుటకు మన దేశపు వడుకుకత్తెకు 50,000 గంటలు పట్టుచుండెననియు, క్రాంప్టను యంత్రమునకు 2,000 గంటలు, 1825 ప్రాంతపు స్వయంచాలక యంత్రమునకు 135 గంటలు మాత్రమే చాలెననియు చరిత్రకారులు లెక్కగట్టిరి. ఈ లెక్క యెదుట ఏ రాట్నము నిలువగలదు?

మరను ఊరక నిందించుట మా యుద్దేశము కాదు. బట్ట చవుక యయ్యెను. ఒంటిమీది బట్ట ఉదికి ఆరబెట్టుకొనుటకు మారుబట్ట లేని బీదవానికి మారుబట్ట దొరికెను. దీనిని కాదనుట సత్యమునకు దూరము. మేమడుగునది వేరు. యాబదివేల గంటల పని నూట ముప్పదియైదు గంటలకు దిగినప్పుడు, ఆ మిగిలిన గంటలు ఎవరి యింటికి చేరినవి?

పనివాని యింటికి చేరలేదు. పూర్వము ఆంగ్లదేశపు నేతగాడు తన యింటిలో తన మగ్గముపై నేయుచు, సోమవారమునాడు పని మాని, దానికి 'పుణ్య సోమవార'మని హాస్యముగా పేరు పెట్టుకొనెను. వారము చివర రాత్రులు మేలుకొని బాకీ తీర్చుకొనెను. గడియారము వాని యజమాని కాదు. 1771లో డెర్వెంటు నదీతీరమున క్రాంఫర్డు గ్రామములో ఆర్క్‌రైటు తన మరను నెలకొల్పినప్పుడు నీటిచక్రము రేయింబవళ్లు తిరుగుటకై పనివారిని పండ్రెండేసి గంటల వంతులుగా పెట్టెను. చక్రమునకు నిద్ర లేదు గనుక మనిషి నిద్రయే చక్రమును బట్టి మారెను. తెగిన పోగు ముడివేయుటకు చిన్నవ్రేళ్లు మేలని పసిపిల్లలను చేర్చిరి. తొమ్మిదేండ్లు నిండని బిడ్డను నూలుమరలో పెట్టరాదను చట్టము 1833లో గాని నిలద్రొక్కుకొనలేదు. స్త్రీలకు పదిగంటల నియమము 1847లో గాని రాలేదు. రెండింటికిని యజమానులు అడ్డుపడిరి. మాంచెష్టరు జనసంఖ్య 1801లో సుమారు 75,000. 1851 నాటికి 3 లక్షలు దాటెను. ఊరు పెరిగినంత వేగముగా మురుగుకాలువలు పెరుగలేదని వేరుగ చెప్పనేల?

ఆ నేతగాని గతి వినుడు. నూలు చవుకయైన తొలినాళ్లలో వానికి మంచి కాలము నడచెను. బోల్టను పట్టణమున 1795లో వారమునకు 33 షిల్లింగులు గడించినవాడు 1815లో 14 షిల్లింగులకును, 1830 ప్రాంతమున ఐదున్నర షిల్లింగులకును దిగజారెను. 1811, 1812 సంవత్సరములలో మేజోళ్లు అల్లువారును నేతవారును యంత్రములను పగులగొట్టగా, అల్లిక యంత్రమును విరిచినవానికి మరణదండన విధించు చట్టమును 1812లో పార్లమెంటు చేసెను. ప్రభువుల సభలో దానిని ఖండించిన కొలదిమందిలో కవి బైరన్ ఒకడు. కావున మిత్రులారా, లాంకషైరు పనివాడు మన నోటి కూడు లాగినవాడని తలంచుట పొరపాటు. వాని నోటి కూడును అదే చేయి లాగినది. ఆ మరలకు ప్రత్తి పండించినవారిలో అధికభాగము అమెరికా దక్షిణ రాష్ట్రములలోని నీగ్రో బానిసలు. వారికి కూలి లేదు, కొరడా కలదు.

అయినను ఇంగ్లండునకు మనకును ఒక భేదము కలదు. ఇదియే మేము ముఖ్యముగ చెప్పదలచినది. అచ్చట రాట్నము పోయిన స్త్రీకి, మగ్గము పోయిన పురుషునికి, ఎంత క్రూరమైనను, ఊరి చివర ఒక మర యెదురుగా నుండెను. వారి బిడ్డలు అందు చేరిరి, సంఘములు కట్టిరి, పోరాడి గంటలు తగ్గించుకొనిరి. మనకు పోవుట మాత్రమే వచ్చినది, చేరుట రాలేదు. మార్పులో సగము మాంచెష్టరున జరిగెను, తక్కిన సగము మాధవాయిపాలెమున జరిగెను.

ఇది కేవలము యంత్రమహిమ కాదు. 1721లోనే ఇంగ్లండు మన అద్దకపు బట్టలను ధరించుటను చట్టముచే నిషేధించి, తన పసిపరిశ్రమను చాటున పెంచుకొనెను. అది పెరిగి కోడెయైన పిదప మనకు స్వేచ్ఛావాణిజ్యమును బోధించెను. 1833 చట్టముచే కంపెనీ వర్తకమునే విడువవలసి వచ్చెను. ఆ కాలమున మాధవాయిపాలెపు కొఠీయు మూతబడెను. బయానా లిచ్చి నేతగానిని బంధించిన దుర్మార్గము దానితో పోయినది, నిజమే, కొనువాడును పోయెను. ఆ కాలమునందే నందన సంవత్సరపు డొక్కల కరువు గుంటూరు సీమను మ్రింగెను. కొనువాడు లేక, వాన లేక, నేతపల్లె ఎట్లు నిలిచినదో ఊహించుకొనుడు. తరువాత మన దేశస్థులే మరలు పెట్టగా, 1896లో మన మిల్లుగుడ్డపై నూటికి మూడున్నర వంతున సుంకము వేసిరి. లాంకషైరు వర్తకుల మనసు నొవ్వకుండుటకై వేసిన ఆ సుంకము 1926 దాక తొలగలేదు.

మగ్గము చావలేదు. మరనూలు కొని నేసి, మగ్గము బ్రతికెను. చచ్చినది రాట్నము. విధవరాలికి, వృద్ధురాలికి, పొలము లేని యింటి ఇల్లాలికి నాలుగు డబ్బులు తెచ్చిన పని, కేక లేకుండ, కొట్లాట లేకుండ, ఏ కచేరీలోను అర్జీ లేకుండ పోయెను. నేతగాడు నూలు సాహుకారు గడపలో నిలుచుండెను. కొందరు నాగలి పట్టిరి. కొందరు కోరంగి రేవున ఓడలెక్కి బర్మాకు కూలికి పోయిరి. అచ్చట మనవారికి 'కోరంగీ' లనియే పేరు పడెను. తెలంగాణపు పద్మశాలీలు షోలాపురము, బొంబాయి మరలలో చేరిరి. తెలుగు నేతగానికి మర దొరికినదే గాని, తన ఊరిలో కాదు.

1931 సెప్టెంబరులో గాంధీమహాత్ముడు లాంకషైరు పోయి డార్వెను పట్టణమున మిల్లు కూలీల నడుమ నిలిచెను. ఆయన ఖద్దరు ఉద్యమమువలన తమ పని పోయినదని యెరిగియు ఆ స్త్రీలు ఆయనను చుట్టుముట్టి జయజయధ్వానములు చేసిరి. ఆ ఛాయాపటము మీలో పలువురు చూచియుందురు. ఆకలి యేమిటో ఇరువురకును తెలియును. ఆ లాంకషైరు మరలు సయితము నిలువలేదు: బర్న్లీ చెంత ఆవిరితో నేసిన క్వీన్ స్ట్రీటు మిల్లు 1982లో ఆగి, నేడు ప్రదర్శనశాలగా నున్నది. ఆ 1982లోనే బొంబాయి మిల్లు కార్మికుల మహాసమ్మె ప్రారంభమై, వేలకొలది కుటుంబములు మరల దారిలో బడెను.

మగ్గము మాత్రమిప్పటికిని కలదు. 2019-20 నాటి చేనేత గణనలో దేశమున 35 లక్షలమందికి పైగా పనివారు లెక్కకు వచ్చిరి. వారిలో నూటికి డెబ్బదిమందికి మించి స్త్రీలు. రాట్నము పోగొట్టుకొన్న ఇల్లాలి మునిమనుమరాలు నేడు కండెలు చుట్టుచున్నది, పడుగు సవరించుచున్నది, పలుచోట్ల తానే నాడె విసరుచున్నది. అయినను కూలి లెక్క తరచుగ మగ్గము యజమాని పేరనే వ్రాయబడును. మన ఊరి సహకార సంఘపు చిట్టాలో నేతగాని పేరు ప్రక్క ఆమె పేరును, ఆమె గంటలును వేరు వరుసగా వ్రాయుడని మేము కోరుచున్నాము. సంఘపు పెద్దలు ఈ సభలో నున్నారు. వారు సమాధానము చెప్పుటకై మేము ఇంతటితో కూర్చుండెదము.