పేరు తెలియాలంటే బొమ్మ చూడాలి

బరువులు లాగే యంత్రాల పేర్లను ఇంగ్లిషు నుంచి ఫ్రెంచిలోకి మార్చడం ఎంత జాగ్రత్త కోరే పనో ఈరోజు చూద్దాం.

తాడు చుట్టుకుంటూ బరువు లాగే యంత్రాన్ని, అంటే ఇంగ్లిషు వించ్‌ను, ఫ్రెంచిలో సాధారణంగా ‘త్రెయ్’ అంటారు. కానీ అన్నిచోట్లా అదే రాస్తే కుదరదు. తెరచాప తాళ్లు బిగించే వించ్‌ను ఫ్రెంచి నావికులు కూడా ‘వించ్’ అనే పిలుస్తారు. లంగరు గొలుసు పైకిలాగే యంత్రానికి ఇరుసు అడ్డంగా ఉంటే ‘గ్యాందో’, నిలువుగా ఉంటే ‘కబెస్తాన్’.

గిలక దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. ఓడల మీద ఇంగ్లిషువారు గాడి ఉన్న చక్రాన్ని షీవ్ అనీ, ఆ చక్రాన్ని పట్టి ఉంచే చట్రంతో సహా మొత్తాన్ని బ్లాక్ అనీ అంటారు. ఫ్రెంచిలో చక్రం ‘రేయా’, మొత్తం ‘పూలీ’. బ్లాక్ అనగానే దిమ్మ అనుకుని రాస్తే చదివేవాడు దారి తప్పుతాడు. తాడు, గిలకలు కలిసిన అమరిక ‘పలాన్’.

అందుకే అనువాదకులు నిఘంటువు తెరిచేముందు యంత్రం బొమ్మ చూడాలి. ఇరుసు ఎటుంది? తాడు దేనికి చుట్టుకుంటోంది? ఎందుకంటే వేలాడే బరువు దగ్గర మనుషులు పనిచేస్తుంటారు. అక్కడ ఒక్క పేరు తప్పినా ప్రాణం మీదికి వస్తుంది.