ఏడో నంబరు మిషను
(టైపు మాస్టారి స్మారకోపన్యాసం)



మాస్టారి ఇన్‌స్టిట్యూట్‌లో చేరినరోజు నాకు దక్కింది మూలనున్న ఏడో నంబరు రెమింగ్టను. చిటికెనవేలితో ‘ఏ’ కొడితే అక్షరం సగమే పడేది. మిషను మార్చమని అడిగాను. “ముందు నీ వేలు బాగుచేసుకోరా” అన్నారు. రోజుకో అవర్ చొప్పున ఆరు నెలలు కొడితేగానీ లోయర్ పరీక్షకు, అంటే నిమిషానికి 30 మాటలకు, చెయ్యి తిరగలేదు. దేశం తన పిల్లలకు కంప్యూటర్ ఎలా నేర్పిందో చెప్పమని మీరు నన్ను పిలిచారు. నా దగ్గరున్న కొలబద్ద ఆ ఏడో నంబరే.

మన బడుల్లోకి కంప్యూటర్ 1984-85లో ‘క్లాస్’ అనే కేంద్ర పథకంతో వచ్చింది. మొదటి విడతలో సుమారు 250 బడులకు బీబీసీ మైక్రోలు ఇచ్చారు. ఒక్కోదాని మెమరీ 32 కిలోబైట్లు. మీ ఫోన్లో తీసిన ఒక్క ఫొటో అందులో పట్టదు. ఆ రోజుల్లో కంప్యూటర్ గదికి జరిగిన మర్యాద మాత్రం గర్భగుడికి తీసిపోదు. చెప్పులు బయట విడవాలి. ఏసీ ఉండాలి. తాళంచెవి పెద్దసారు జేబులో ఉండాలి. పిల్లలు వరసగా వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చేవాళ్ళు.

ఉద్యోగమిచ్చే చదువు బడి బయట పెరిగింది. 1981లో ఎన్‌ఐఐటి, 1986లో ఆప్టెక్ మొదలయ్యాయి. ఆ తర్వాత వీధికో బోర్డు లేచింది. ఏది గట్టిదో ఏది తాలో తేల్చడానికి కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1990లో డోయాక్ పథకం పెట్టి ఓ, ఏ, బీ, సీ అని నాలుగు లెవెళ్ళు ఏర్పరిచింది. ఎక్కడ నేర్చుకున్నా పరీక్ష ఒక్కటే. మన లోయర్, హయ్యర్లు ఎప్పటినుంచో నడిచిన బాట అది. అందుకే నాకు ఈ పథకమంటే గౌరవం.

మనవాళ్ళు మాత్రం అమీర్‌పేట బస్సెక్కారు. మైత్రీవనం చుట్టుపక్కల తెల్లారకముందే క్లాసులు, జిరాక్సు నోట్సులు, హాస్టల్లో నీళ్ళచారు. ఏ ప్రభుత్వమూ శంకుస్థాపన చెయ్యని విశ్వవిద్యాలయం! అక్కడి చదువుతో అమెరికా వెళ్ళినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. చేతులెత్తమని ఇబ్బంది పెట్టను.

ఉద్యోగానికి కాకపోయినా రోజూ బతకడానికి కంప్యూటర్ రావాలన్న మాట కేరళలో గట్టిగా వినిపించింది. 2002లో మలప్పురం జిల్లాలో అక్షయ మొదలైంది. ఇంటికొకరికైనా నేర్పాలన్నది సంకల్పం. ప్రారంభించింది రాష్ట్రపతి కలాంగారు. పదిహేనేళ్ళకు అదే ‘ఇంటికొకరు’ దేశమంతటి లెక్క అయింది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ లక్ష్యం 6 కోట్లమంది, అంచనా వ్యయం రూ.2,351 కోట్లు. 2024 మార్చితో ముగిసేనాటికి 6.39 కోట్లమందికి శిక్షణ అందింది, 4.78 కోట్లమంది పరీక్ష గట్టెక్కి సర్టిఫికెట్ అందుకున్నారు. ఇంత పెద్ద దేశంలో అది చిన్న పనేం కాదు.

కానీ శిక్షణ 20 గంటలే. మాస్టారి లెక్కన 20 గంటలకు మనం ‘ఏఎస్‌డీఎఫ్’ వరస దాటేవాళ్ళం కాదు. ఇంటికొకరన్నప్పుడు ఆ ఒక్కరూ ఎవరు? మా ఇళ్ళల్లోనైతే ఎప్పుడూ చదువుకుంటున్న అబ్బాయే. వాళ్ళమ్మ ఇప్పటికీ ఫోన్ వాడి చేతికిచ్చి, “డబ్బులు పడ్డాయేమో చూడు నాయనా” అంటుంది. ఆవిడకు పాస్‌వర్డ్ తెలియదు, వాడికి తెలుసు. డబ్బు ఆవిడది.

టైపు మిషన్లకు కాలం చెల్లుతున్న రోజుల్లో మాస్టారు అప్పుచేసి ఒక కంప్యూటర్ కొన్నారు. దానిమీదా మిషన్లకు కప్పే రెక్సిన్ గుడ్డే కప్పారు. దానికీ అవర్లే. నేర్చుకునేవాళ్ళ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ఎంత తప్పు కొట్టినా మౌస్ ముట్టుకునేవారు కాదు. హాజరు పుస్తకంలో పేరు, మిషను నంబరు, వచ్చిన వేళ, పోయిన వేళ రాసేవారు. నా పేరుకెదురుగా ఏడో నంబరు అంకె నూటయాభై చోట్లకు తక్కువ ఉండదు. ఆ పుస్తకం వాళ్ళమ్మాయి తెచ్చారు. సభ అయ్యాక బల్లమీద ఉంటుంది. మీమీ పేర్లు వెతుక్కోండి.