చెప్పలేనోడి మౌనం

తెలకపల్లి నుంచి మాట్లాడుతున్న. ఈరోజు విషయం: పనిచేసే చోట తప్పు కనబడితే మనిషి ఎందుకు నోరు విప్పడు?

మా పాలమూరు లేబర్ గురించి మీకు తెలుసు. మా చిన్నాయన కూడా గుంపు మేస్త్రీ వెంట పోయిండు. కట్ట మీద మట్టి జారేటట్టున్నా చెప్పకపోయేటోడు. ఎందుకంటే అడ్వాన్స్ తీసుకున్నడు. చెబితే పని పోతది, అప్పు మిగుల్తది.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక పుస్తకం రాసిండు. సంస్థ దారి తప్పితే మనిషికి రెండు మార్గాలంటడు: వదిలి వెళ్లడం, గొంతెత్తడం. మావోళ్లకు అడ్వాన్స్ ఈ రెండు దారులనూ మూసేసింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినా, అప్పు భయం పోలేదు.

ఇంకో పరిశోధన వినండి. 1990లలో అమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనయి. వింతగా ఉంది కదా? వాళ్లు తప్పులు ఎక్కువ చేసినందుకు కాదు, భయం లేక దాచకుండా చెప్పినందుకే అని ఆమె తేల్చారు.

అందుకే సూపర్‌వైజర్లకు, మేస్త్రీలకు ఒక్క మాట. "మా దగ్గర ఫిర్యాదులే లేవు" అని మురవకండి. చివరిసారి మీకు చెడు కబురు చెప్పినోడికి ఏమైందో గుర్తుచేసుకోండి. మిగతావాళ్లు అదే చూస్తున్నరు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.