ఘాట్ రోడ్డు, సైకిలు, మనం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుస్తామో మీకు చెప్పనక్కరలేదు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని తీర్పు చెప్పింది. డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇందాకే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం వేరు. వచ్చే జనవరిలో మన సభ్యులు కొందరు సైకిళ్ల మీద లంబసింగి కొండ ఎక్కాలనుకుంటున్నారు. వెళ్లవచ్చునా, కూడదా? వెళితే ఎలా వెళ్లాలి? పోయినేడు వెళ్లివచ్చిన నలుగురిలో నేనొకణ్ణి కాబట్టి చెప్పమన్నారు.

దాపరికం లేకుండా ముందే ఒక సంగతి మనవి చేస్తాను. ఆ నలుగురిలో ఒకరు దిగేటప్పుడు పడ్డారు. భుజం దగ్గర కాలర్ బోను విరిగింది. ఆయన ముందు వరుసలోనే కూర్చున్నారు, పేరు చెప్పవద్దన్నారు. కుమారులిద్దరూ ఆయన సైకిలుకు గొలుసు వేసి తాళంచెవి దాచేశారు. వారూ వచ్చారు. అందుచేత నేను చెప్పేది సగం మీకు, సగం మీ పిల్లలకు.

మనది డెల్టా. బెజవాడ సముద్రమట్టానికి పది పన్నెండు మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడినుంచి బందరు దాకా సైకిలు తొక్కినా దారిలో గట్టి ఎగుడు తగలదు. మనకు తెలిసిన కొండల్లా ఎదురుగాలే. ఎదురుగాలిలో అలిసిపోతే తొక్కడం ఆపి కాలు కింద పెడతాం, అంతే. ఎగుడులో అలా కాదు, ఆపితే సైకిలు వెనక్కి జారుతుంది. తిరిగి ఎక్కి కదిలించడం ఒక విద్య. అది ఊరు దాటకుండా రాదు.

అలవాటుకు మన చుట్టుపక్కలే చోట్లున్నాయి. తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహల దాకా వెళ్లిరావడం మొదటి పాఠం. అక్కడి శయనించిన అనంతపద్మనాభుణ్ణి చూసి రావడం కాళ్లకు, కళ్లకు కూడా మంచిదే. తరవాత కొండపల్లి ఖిల్లా రోడ్డు. బొమ్మల ఊళ్లోంచి పైకి పోయే ఆ రోడ్డు పొడవు తక్కువైనా వాలు గట్టిది. ఆపైన గుంటూరుకు పడమరగా ఉన్న కొండవీడు. రెడ్డిరాజుల కోట పైకి ఈమధ్య సంవత్సరాల్లో ఘాట్ రోడ్డు వేశారు. ఇంద్రకీలాద్రి మీదికి మాత్రం సైకిలుతో వద్దు. అమ్మవారి భక్తుల వాహనాల మధ్య మనం అడ్డం. కొండపల్లి మూడుసార్లు దిగకుండా ఎక్కలేనివారు ఈసారికి లంబసింగి పెట్టుకోవద్దని నా మాట.

ఇక లంబసింగి. తునిలోగాని, నర్సీపట్నం రోడ్డు స్టేషన్లోగాని రైలు దిగాలి. పేరు చూసి మోసపోకండి, ఆ స్టేషనుకూ నర్సీపట్నం ఊరికీ చాలా దూరం. నర్సీపట్నం నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. మొదట కొంత చదును, డౌనూరు దాటాక అసలు ఘాటు. మొత్తం మీద 900 మీటర్ల ఎత్తు ఎక్కుతాం. ఇంతమాత్రం ఎత్తుకు గాలి పలచబడి ఊపిరాడకపోవడం వంటివి ఉండవు, ఆ భయం వద్దు. చలి మాత్రం నిజం. డిసెంబరు, జనవరి నెలల్లో సున్నా దగ్గరికి పోతుంది. ఆ ఊరికి కొర్రబయలు అని మరో పేరు. రాత్రి బయట ఉన్నవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు.

ఆ రోడ్డు మీద ఒక్కొక్క మలుపు తిరుగుతుంటే నాకు ఇంకో సంగతి గుర్తుకొచ్చేది. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేసే పనిలోనే, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో, మన్యం ప్రజలకు సరైన కూలి ఇవ్వకుండా పని చేయించారు, ఎదురు తిరిగినవారిని కొట్టించారు. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు కారణాల్లో అదొకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. ఒక పూట అటు కేటాయించమని కోరుతున్నాను. మనం సరదాకు ఎక్కే వాలును రాళ్లు మోసి కట్టినవాళ్లకు కూలి కూడా సరిగా దక్కలేదు.

సైకిలు సంగతికి వస్తాను. ఉద్యోగకాలంలో మనం తొక్కిన నల్ల సైకిలుకు ముందు చైన్ వీలుకు 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18. ఒకసారి పెడలు తిప్పితే అయిదు మీటర్లకు పైగా పోయేది. అది బందరు రోడ్డుకు సరిపోతుంది, ఘాటుకు కాదు. ముందు 28, వెనక 34 పళ్ల గేరు ఉంటే ఒక్క తిప్పుకు మీటరుముప్పావుకు కాస్త అటూ ఇటూగా కదులుతాం. నిమిషానికి అరవై తిప్పులు తిప్పితే గంటకు ఆరు కిలోమీటర్లు. నడకకన్నా కొంచెం నయం, మోకాళ్లకు మాత్రం ఎంతో నయం. గేర్ల సైకిలు కుర్రాళ్ల సోకు అనుకునేవారికి ఒక మాట. ఫ్రాన్సు దేశంలో టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని నడిపిన ఆన్రీ దెగ్రాంజ్ 1902లో, గేర్లు నలభై అయిదేళ్లు దాటినవాళ్లకే తగినవని ఎగతాళిగా రాశాడు. 1937 దాకా ఆ పందెంలో గేరు మార్చే డెరైలర్‌ను రానివ్వలేదు. ఆయన వెక్కిరింపును మనం సర్టిఫికెట్‌గా తీసుకుందాం.

అసలు విషయం దిగడం. డెబ్బై కిలోల మనిషి, పదిహేను కిలోల సైకిలు, కలిపి ఎనభై అయిదు. ఈ బరువు 900 మీటర్లు దిగితే బయటపడే శక్తి సుమారు 750 కిలోజౌళ్లు. రెండు లీటర్ల చన్నీళ్లను స్టవ్ మీద మరగకాచేంత వేడి అది. అందులో కొంత గాలికి పోతుంది, మిగిలింది బ్రేకులే మింగాలి. నెమ్మదిగా దిగేకొద్దీ గాలి వాటా తగ్గి బ్రేకు వాటా పెరుగుతుంది. మన మిత్రులు జోరుగా దిగి పడ్డారనుకుంటున్నారు ఇంట్లో. నేను వెనకే ఉన్నాను, ఆయన మా అందరికన్నా నెమ్మదిగా దిగారు. పైనుంచి బ్రేకు వదలకుండా పట్టుకునే ఉన్నారు. రిమ్ము వేడెక్కి ముందు చక్రం ట్యూబు పేలింది.

కాబట్టి తిన్నటి రోడ్డు మీద బ్రేకు కాస్త వదలాలి. మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించి, మలుపులో వదిలెయ్యాలి. రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగి చక్రాలను చల్లారనివ్వాలి. డిస్క్ బ్రేకులున్న సైకిలుకు ట్యూబు భయం తక్కువ, కాని ఆ డిస్కును వేలితో ముట్టుకోవద్దు. పాతకాలపు రాడ్ బ్రేకుల సైకిలు మంచుకు తడిసిన రిమ్ముతో ఆ కొండ దిగడానికి పనికిరాదు. దాన్ని ఇంట్లోనే ఉంచండి.

పొగమంచు విడేదాకా దిగవద్దు. చెమటతో ఎక్కిన చొక్కాతో దిగితే చలి గుండెల్లోకి పోతుంది. స్వెట్టరు లోపల ఛాతీమీద పాత దినపత్రిక మడిచి పెట్టుకోండి. ఐరోపా పందేలవాళ్లు చేసే పని ఇది, ఖర్చులేనిది.

మందుల మాట. బి.పి.కి, గుండెకు బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారి నాడి శ్రమపడినా అంతగా పెరగదు. నాడి చూసుకుని ధైర్యపడవద్దు. ఒక వాక్యం ఆయాసం లేకుండా పూర్తిగా చెప్పగలుగుతున్నారా లేదా చూసుకోండి. షుగరు మందు వాడేవారికి దీర్ఘమైన ఎగుడులో షుగరు పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు, అరటిపండు ఉండాలి. ఎక్కేటప్పుడు ఛాతీలో బిగింపు వచ్చినవారు అక్కడితో ఆగి డాక్టరును చూడాలి. ఇందులో మొహమాటానికి తావులేదు. డాక్టరు రాసిచ్చిన కాగితం లేనిదే పేరు తీసుకోవద్దని కార్యదర్శిగారిని కోరాను.

ఇప్పుడు పిల్లలతో ఒక మాట. నాన్నగారిని ఎక్కనివ్వండి. గంటకు ఆరు కిలోమీటర్ల వేగంలో పడినా మోచెయ్యి గీసుకుంటుంది. దిగడానికి మాత్రం షరతు పెట్టండి. నర్సీపట్నంలో ట్రాలీ ఆటో మాట్లాడుకుంటే సైకిళ్లు అందులో వస్తాయి, మనుషులు బస్సులో దిగుతారు. సైకిలు మీద దిగితేనే యాత్ర పూర్తయినట్టు అనే పట్టుదల నాకైతే అర్థం కాదు. తిరుమల కొండ నడిచి ఎక్కి బస్సులో దిగేవారి మొక్కు చెల్లనట్టా?

రోజు విషయంలో నాది గట్టి అభిప్రాయం. ఆదివారాలు, పండగ సెలవులు వద్దు. మంచు చూడటానికి విశాఖ నుంచి అర్ధరాత్రే బయలుదేరే కార్లతో ఆ రోడ్డు నిండిపోతుంది. మనకు రోజూ సెలవే కాబట్టి మంగళవారమో బుధవారమో పెట్టుకుందాం.

రాదలచినవారు సభ ముగిశాక కార్యదర్శిగారి దగ్గర పేరు ఇవ్వండి. వచ్చే బుధవారం ఉదయం ఆరు గంటలకు బ్యారేజీ దగ్గర కలిసి కొండపల్లి బయలుదేరుతాం. బ్రేకు కట్టలు అరిగినవారు ఈలోగా మార్పించుకుని రండి. సెలవు.